పవర్ ఫుల్లో పెట్టినా వైఫై నత్తనడకే: యాక్సెస్ పాయింట్ రేడియో, యాంటెన్నా సెట్టింగుల్లో మీ అనుభవాలు చెప్పండి

కోటగుమ్మం (విజయనగరం):
నమస్తే అండీ. మూడు లాంతర్ల దగ్గర మేడ మీద మాకు చిన్న స్టడీ హాల్ ఉంది. గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ చదివే పిల్లలు నలభై మంది దాకా కూర్చుంటారు. హాల్లో ఒకటి, మెట్ల గదిలో ఒకటి, రెండు యాక్సెస్ పాయింట్లు (వైఫై వదిలే పెట్టెలు) పెట్టాను. లైన్ 100 ఎంబీపీఎస్. వైరు పెట్టి చూస్తే నిండుగా వస్తోంది. వైఫైలో మాత్రం ఫోన్‌లో గీతలన్నీ ఉంటాయి, పేజీ తిరుగుతూనే ఉంటుంది. నిన్న ఒకమ్మాయి రెండు గంటలు కూర్చుని మాక్ టెస్ట్ రాసింది, సబ్మిట్ నొక్కితే పోలేదు. ఆ పిల్ల ముఖం చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్, ఛానెల్ ఆటో, పవర్ హై. ఇంకా ఏం పెంచాలి?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):
పెంచడం కాదండీ, ముందు తగ్గించండి. హైలో పెడితే చాలా మోడళ్లు 23 డీబీఎం (రేడియో పవర్ కొలత), అంటే 200 మిల్లీవాట్ల దాకా వదులుతాయి. ఆ పిల్ల చేతిలో ఫోన్ అంత వదల్లేదు. గీతలు చెప్పేది ఫోన్‌కి ఎంత వినిపిస్తోందో. ఫోన్ మాట పైనున్న పెట్టెకి వినిపిస్తోందా అన్నది గీతల్లో తెలీదు. సబ్మిట్ నొక్కడమంటే ఫోన్ మాట్లాడటమే కదా, అక్కడే ఆగిపోతోంది.

2.4 రేడియోని 14 డీబీఎంకి దించి, 5 గిగాహెర్ట్జ్‌ని 20 దగ్గర పెట్టి చూడండి. 3 డీబీ తగ్గినప్పుడల్లా పవర్ సగం అవుతుందని గుర్తుంచుకుంటే చాలు. అలా పెడితే ఎక్కువ ఫోన్లు 5 వైపే మొగ్గుతాయి. 2.4లో వెడల్పు 40 మాత్రం ఈ రాత్రికే తీసేసి 20 చేయండి. ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకునే ఛానెళ్లు 1, 6, 11 మూడే. 40 పెడితే వాటిలో రెండింటి చోటు మీ ఒక్క పెట్టే తినేస్తుంది, పైగా ఆ బజారులో షాపులన్నిటి వైఫైతో గొడవ. ఒకదానికి 1, రెండోదానికి 11 ఇవ్వండి.

యాంటెన్నాలు బయటికి ఉన్నవా? ఎటు తిప్పారు?

కోటగుమ్మం:
బయటికే ఉన్నాయండి. దూలానికి తగిలించి, నాలుగింటినీ పిల్లలు కూర్చునే వైపు వేలు చూపించినట్టు పడుకోబెట్టాను. చివర్నుంచే సిగ్నల్ వస్తుందనుకున్నాను.

నాగావళి_గట్టు:
దొరికిందండీ. గారె చిల్లులో పుల్ల గుచ్చినట్టు ఊహించుకోండి. పుల్ల యాంటెన్నా, దాని చుట్టూ ఉన్న గారె సిగ్నల్. పుల్ల చివర వైపు దాదాపు ఏమీ ఉండదు. మీరు పుల్లని పడుకోబెట్టారు కాబట్టి గారె నిలువుగా లేచింది. సిగ్నల్‌లో చాలా భాగం కింద షాపులోకీ, పైన శ్లాబులోకీ పోతోంది. నిటారుగా నిలబెడితే హాలంతా పరుచుకుంటుంది. ఫోన్‌ని అందరూ ఒకేలా పట్టుకోరు కాబట్టి ఒక్కదాన్ని కాస్త వాల్చినా మంచిదే.

ఉద్దానం_జీడి (పలాస దగ్గర):
నాదీ యాంటెన్నా కథే అన్నా. మా జీడిపప్పు షెడ్డు రేకులది, లోపలికి సిగ్నల్ దూరదు. ఆఫీసు గది నుంచి షెడ్డు గుమ్మం వైపు సిగ్నల్‌ని ఒకే వైపుకి గట్టిగా పంపే 14 డీబీఐ (ఆ గట్టితనం కొలత, దాన్నే గెయిన్ అంటారు) ప్యానెల్ యాంటెన్నా కొని పెట్టాను. పెట్టె గదిలోనే ఉంచి, 10 మీటర్ల సన్న యాంటెన్నా కేబుల్ లాగాను. 5 గిగాహెర్ట్జ్‌లో ఆ కేబులే సగానికి పైగా మింగేసింది. తర్వాత పెట్టెని వాన తగలని డబ్బాలో యాంటెన్నా వెనకే కట్టి, కింద నుంచి లాన్ కేబుల్ మీదే కరెంటు కూడా పంపాను. తేడా అప్పుడే తెలిసింది.

ఇంకో తప్పూ చేశాను. యాంటెన్నా ఒకటే, పోర్టులు రెండు. సెట్టింగ్స్‌లో రెండూ ఆన్‌లో ఉండిపోయాయి, సగం పవర్ ఖాళీ పోర్టుకి పోయింది. వాడని చెయిన్‌కి (సెట్టింగ్స్‌లో పోర్టుని అలా అంటారు) టిక్ తీసేయండి. గెయిన్ అని ఉన్న గడిలో యాంటెన్నా మీద రాసిన అంకే వేయాలి. అది చూసుకునే సాఫ్ట్‌వేర్ మొత్తం పవర్‌ని రూల్ దాటకుండా లెక్క కడుతుంది. తక్కువ వేసి మోసం చేస్తే పక్కవాళ్ళకి ఇబ్బంది.

వాన పడితే మాత్రం ఇప్పటికీ తగ్గుతుంది. 2018లో తిత్లీ తుఫాను తోటంతా పడగొట్టాక నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు సరిగ్గా యాంటెన్నా ఎత్తుకి వచ్చాయి. తడిసిన మట్టల గుండా 5 గిగాహెర్ట్జ్ పోవడం కష్టం. చెట్లని కొట్టలేను, అందుకే పైపు ఇంకో రెండు మీటర్లు లేపాను.

రాజాం_ల్యాబ్:
5లో ఛానెల్ సంగతి ఎవరూ చెప్పలేదు. ముందు దేశం ఇండియా అని పెట్టుకోండి. 52 నుంచి 64, 100 నుంచి 144 ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. ఆన్ చేశాక కనీసం నిమిషం పాటు విన్నాకే పెట్టె సిగ్నల్ వదులుతుంది, మధ్యలో రాడార్ అనిపిస్తే ఉన్నపళంగా ఛానెల్ మారిపోతుంది. మా స్కూల్ ల్యాబ్‌లో ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో అలాగే జరిగింది, పిల్లల టెన్షన్ చూడలేకపోయాను. అప్పటి నుంచి ఒక పెట్టెకి ఛానెల్ 36, ఒకదానికి 149, వెడల్పు 40. వెడల్పు 80 పెడితే స్పీడ్ టెస్ట్‌లో గొప్పగా కనిపిస్తుంది గానీ, నలభై ఫోన్లున్న హాలుకి నేనైతే పెట్టను.

కోటగుమ్మం:
అందరికీ దండాలండీ. నిచ్చెన వేసుకుని యాంటెన్నాలు నిలబెట్టాను. వెనక వరసలో ఫోన్‌కి అందే సిగ్నల్ -71 డీబీఎం ఉండేది, ఇప్పుడు -58 (సున్నాకి దగ్గరైతే మంచిది). వెడల్పు, ఛానెళ్లు, పవర్ మీరు చెప్పినట్టే మార్చాను. సాయంత్రం ఆ అమ్మాయినే పిలిచి మాక్ టెస్ట్ పెట్టించాను, నొక్కగానే పోయింది. ఒక్కటి మిగిలింది. మెట్లెక్కి వచ్చిన ఫోన్లు హాల్లో కూర్చున్నాక కూడా మెట్ల గది పెట్టెనే పట్టుకుని వేలాడుతున్నాయి. మధ్యలో మూరెడు మందం పాత సున్నపు గోడ.

నాగావళి_గట్టు:
ఆ పెట్టె పవర్ ఇంకో 3 డీబీ దించండి. తర్వాత 2.4లో కనీస రేటు (ఫోన్ మాట్లాడాల్సిన కనీస వేగం) 12 ఎంబీపీఎస్ చేయండి, 1, 2, 5.5, 11 ఆగిపోతాయి. దూరంగా పోయిన ఫోన్ నసుగుతూ ఉండలేక దగ్గరున్నదానికి మారుతుంది. పాత వైఫై ప్రింటర్లు ఉంటే మాత్రం చూసుకోండి, 11తో ఆగిపోయేవి కొన్ని అసలు కలవవు.

కోటగుమ్మం:
రసీదుల ప్రింటర్ పాతదే ఒకటి ఉందండి. రేపు పొద్దున్న ఆరింటికి, పిల్లలు రాకముందే మార్చి చూసి చెప్తాను.