అప్‌డేట్: రాజీనామా పత్రం మీద సంతకం పెట్టలేదు

ఆరేళ్లు పనిచేసిన ప్యాకింగ్ యూనిట్‌లో రేపటి నుంచి రావద్దన్నారని, రాజీనామా పత్రం మీద సంతకం పెట్టమంటున్నారని 2024 ఫిబ్రవరిలో మిమ్మల్ని అడిగాను. పెట్టవద్దని అందరూ ఒకే మాట చెప్పారు. పెట్టలేదు. వాళ్లు టైపు చేసి తెచ్చిన ఆ కాగితాన్ని ఫోటో తీసుకుని, కార్మిక శాఖ కార్యాలయంలో అర్జీ ఇచ్చాను.

యాజమాన్యం "అతనే మానేశాడు" అని వాదించింది. అధికారి నా హాజరు కార్డులు ఒక్కొక్కటే తిప్పారు. చివరి గేటు ముద్ర ఫిబ్రవరి 9. రాజీనామా పత్రం మీది తేదీ జనవరి 31! వాళ్ల మేనేజరు తల ఎత్తలేదు.

అప్పట్లో అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి సిబ్బంది తగ్గింపు పేరుతో తీసేయాలంటే నెల నోటీసు లేదా నెల జీతం, దానితో పాటు పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం ఇవ్వాల్సి ఉండేది. 45 రోజుల్లో రాజీ కుదరకపోతే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లవచ్చని అధికారి వాళ్ల ముందే చెప్పారు. ఆ తర్వాతే యాజమాన్యం దిగివచ్చింది.

నోటీసు జీతం, పరిహారం అందాయి. నెలకు బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 18,200 మీద ఆరేళ్ల గ్రాట్యుటీ (ఉద్యోగం ముగిసినప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) 63,000 రూపాయలు వేరుగా వచ్చింది. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు, ఆ బాధ ఉంది. నాతో పాటు తీసేసిన ఇద్దరు సంతకం పెట్టేశారు. వాళ్ల కార్డులు తీసుకుని సోమవారం మళ్లీ అదే కార్యాలయానికి వెళ్తున్నాం.