కారం ప్యాకెట్ ముందు వైపు రంగు వెలిసిపోతోంది. సరుకు కనిపించాలి, పాడవకూడదు. ఏ పౌచ్ వాడాలి?

పొడుల ఇల్లు, గుంటూరు

అందరికీ నమస్కారం. మేం గుంటూరులో ఇంటి దగ్గరే కారం, కరివేపాకు పొడి, కంది పొడి చేసి అమ్ముతున్నాం. పని చూసేది నేనూ, మా అత్తయ్యా, సాయానికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లూ. పావు కిలో, అర కిలో ప్యాకెట్లు. ఇన్నాళ్లూ వాడింది లోపలిదంతా కనిపించే మామూలు పాలీ పౌచ్. ముందు వైపు మధ్యలో మా కాగితం స్టిక్కర్ ఉంటుంది.

విజయవాడలో ఒక సూపర్ మార్కెట్ వాళ్లు ఈమధ్య కొన్ని కారం ప్యాకెట్లు వెనక్కి పంపారు. ముందు వైపు రంగు వెలిసిపోయి ఇటుకపొడిలా ఉంది. వెనక వైపు బాగానే ఉంది. ఒక ప్యాకెట్ స్టిక్కర్ మెల్లగా పీకి చూశాను. స్టిక్కర్ ఉన్నంత మేర కారం కొత్తదానిలా ఎర్రగా ఉంది, దాని అంచు గీత గీసినట్టు తెలుస్తోంది.

కరివేపాకు పొడి కూడా పచ్చదనం పోయి నల్లబడుతోంది. కానీ అది స్టిక్కర్ కింద కూడా అలాగే ఉంది. కంది పొడి రంగుకి ఏమీ కాలేదు. కాకపోతే అట్టపెట్టె తెరిస్తే వెల్లుల్లి, ఇంగువ వాసన గుప్పున కొడుతుంది, ప్యాకెట్ విప్పి తింటే మాత్రం ఆ ఘాటు తగ్గిపోయి ఉంటుంది.

అందరూ వెండి రంగు పౌచ్‌లోకి మారిపొమ్మంటున్నారు. ఒకసారి ఎగ్జిబిషన్‌లో అలా పెట్టాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, లోపల ఏముందో తెలియట్లేదని పక్కన పెట్టేశారు. మేం తొడిమలు తీయించి ఆడిస్తాం, రంగు కలపం. అది కొనేవాళ్లు కళ్లతో చూడాలని నా కోరిక. ఏం చేయమంటారు?

కిరాణా, బెజవాడ

అమ్మా, మాది కొట్టు కాబట్టి కొనేవాళ్ల సంగతి చెబుతాను. కారం దగ్గర జనానికి భయం ఉంది. రంగు కలిపారా, ఇటుక కలిపారా అని. కొత్త బ్రాండ్ అయితే ఇంకా ఎక్కువ. పేరున్న కంపెనీ ప్యాకెట్ లోపల కనిపించకపోయినా తీసుకుంటారు, మీది తీసుకోవాలంటే చూడాలి. అందుకని మొత్తం మూసేయడానికి నేను ఒప్పుకోను.

ఇంకోటి గమనించండి. మా దగ్గర ముందు వరుస ప్యాకెట్లే వెలుస్తాయి, వెనక వరుసవి వెలవవు. ట్యూబ్‌లైటు పొద్దున్నించి రాత్రి దాకా వెలుగుతూనే ఉంటుంది, సాయంత్రం పూట గాజు తలుపులోంచి ఎండ కూడా పడుతుంది. సరుకు తిప్పి పెట్టమని కుర్రాళ్లకి చెబుతాం గానీ ఎవరు పెడతారు.

డిజైనర్, తిరుపతి

విండో, అంటే సరుకు కనిపించే పారదర్శక భాగం ఉంచండి, కానీ ఆ విండో మీద పల్చగా ఎర్ర ఇంకు వేయించండి. వెలుతురు కొంత ఆగుతుంది, కారం ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. రెండు పనులూ అవుతాయి.

లామినేషన్, చర్లపల్లి

నేను హైదరాబాద్‌లో పౌచ్‌లు, రోల్స్ తయారుచేసే యూనిట్‌లో పని చేస్తాను. మసాలాలవాళ్లు, పిండివంటలవాళ్లు ఎక్కువగా మా దగ్గరికి వస్తుంటారు. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

చెల్లెమ్మా, స్టిక్కర్ పీకి చూడడం చాలా మంచి పని. అక్కడే సగం సమాధానం దొరికింది. స్టిక్కర్ కింద కారానికీ, దాని పక్క కారానికీ ప్యాకెట్ లోపల అందే గాలి ఒకటే, తేమ ఒకటే, వేడి ఒకటే. తేడా వెలుతురులోనే. అంటే కారం విషయంలో మొదటి శత్రువు వెలుతురు. గాలి రెండోది. మిర్చి ఎరుపు కెరోటినాయిడ్ల జాతి రంగుల వల్ల వస్తుంది, వాటికి వెలుతురూ ఆక్సిజనూ కలిసి తగిలితే నిలవవు. మీ ఊరి చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు ఎందుకున్నాయి? చల్లగా, చీకట్లో ఉంటే మిర్చి రంగు నిలుస్తుందనేగా.

అయితే కొట్టులో కోల్డ్ స్టోరేజీ ఉండదు. కాబట్టి చీకటిని ప్యాకెట్‌లోనే ఇవ్వాలి. ఎంత చీకటి, ఎటు వైపు అన్నదే డిజైన్.

ఎర్ర ఇంకు గురించి ముందు చెప్పేస్తాను. దయచేసి ఆ పని చేయొద్దు. పల్చటి ఎర్ర పొర మిర్చి రంగుని పాడుచేసే నీలి వెలుతురుని కొంత ఆపుతుంది, ఆ మాట నిజమే. కానీ విండో పెట్టేది కొనేవాళ్లు సరుకుని ఉన్నది ఉన్నట్టు చూడాలని. ఎర్ర అద్దంలోంచి చూపిస్తే అది చూపించినట్టు కాదు. ఇంటికెళ్లి కత్తెర పెట్టగానే వేరే రంగు కనిపిస్తుంది, మళ్లీ మీ ప్యాకెట్ ముట్టుకోరు. యూవీ ఆపే పారదర్శక ఫిల్మ్ ఉందని కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఉంది, కొంత పనికొస్తుంది. కానీ మిర్చి రంగుకి దెబ్బ యూవీ నుంచే కాదు, మామూలుగా కంటికి కనిపించే వెలుతురు నుంచి కూడా తగులుతుంది. అందుకని దాని మీదే భారం వేయలేం.

నా సలహా ఏమిటంటే, కిటికీని ముందు నుంచి తీసేసి వెనక్కో అడుక్కో పెట్టండి. పైన కిరాణా ఆయన చెప్పింది చాలా విలువైన మాట. కొనేవాళ్లు ప్యాకెట్ తీసి తిప్పి చూస్తారు. రాక్‌లో ఉన్నంతసేపూ వెనక వైపు వెనకున్న ప్యాకెట్‌కి ఆనుకుని ఉంటుంది, దాని మీద వెలుతురు పెద్దగా పడదు. నిలబడే పౌచ్ అయితే అడుగున మడత ఉంటుంది కదా, ఆ గస్సెట్ ఒక్కటీ పారదర్శకంగా చేయించవచ్చు. బల్ల మీద నిలబడి ఉన్నప్పుడు అది బల్లకే ఆని ఉంటుంది. చేతిలోకి తీసుకుని పైకెత్తితే అరచేతిలో పోసినట్టు కారం కనిపిస్తుంది. నాకు బాగా నచ్చిన డిజైన్ ఇది. ఒక్కటే ఇబ్బంది, అలా పైకెత్తి చూడమని ముందు వైపు చిన్న బాణం గుర్తుతో చెప్పాలి, లేకపోతే ఎవరికీ తెలియదు.

ముందు వైపే విండో కావాలని పట్టుబడితే, చిన్నదిగా, నడుముకి కిందగా పెట్టండి. పొడి ఏదైనా లారీ కుదుపులకి అణిగి కిందికి దిగుతుంది. పైన పెట్టిన విండోలో ఖాళీ కనిపిస్తుంది, తూకం సరిగ్గా ఉన్నా తక్కువ పోశారనుకుంటారు. అలాగే విండో లోపలి వైపు స్టాటిక్ వల్ల పొడి పల్చగా అంటుకుని మసకేస్తుంది. పొడి విండోకి నిండుగా ఆనుకుని ఉంటే ఆ మసక తెలియదు, ఖాళీ ఉన్న చోటే తెలుస్తుంది.

ఇక ఫిల్మ్ సంగతి. పాలీ, అంటే పాలిథిన్, తేమని బాగానే ఆపుతుంది, ఆక్సిజన్‌ని ఆపదు, వాసనని అసలు ఆపదు. మీ కంది పొడి కథ అదే. ఇంగువ, వెల్లుల్లి వాసనలు పాలీలోంచి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోతున్నాయి, అందుకే అట్టపెట్టె అంత ఘుమఘుమలాడుతోంది. దానికి పెట్ (నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్), పాలీ కలిపి అతికించిన లామినేట్ కావాలి. పెట్ పొర వాసనని బాగా పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ లెక్క చెబితే తేడా అర్థమవుతుంది. ఒక చదరపు మీటరు ఫిల్మ్‌లోంచి రోజుకి దూరే ఆక్సిజన్ మామూలు పాలీకి వేల సీసీలు, 12 మైక్రాన్ల పెట్‌కి వంద సీసీలకి కాస్త అటూ ఇటూ, అదే పెట్ మీద అల్యూమినియం ఆవిరి పట్టించిన మెట్ పెట్‌కి ఒకటీ రెండు సీసీలు. మెట్ పెట్ అంటే చిప్స్ ప్యాకెట్ లోపల మెరిసే వెండి పొర. పారదర్శకంగా ఉంటూనే దాదాపు అంత పని చేసే అల్యూమినియం ఆక్సైడ్ పూత పెట్ కూడా ఉంది. ఖరీదు ఎక్కువ, గట్టిగా మడతపెట్టి నలిపితే పూత చిట్లుతుంది. అది ఆక్సిజన్‌ని ఆపుతుంది గానీ వెలుతురుని ఆపదు, కాబట్టి మీ కారానికి మందు కాదు. కంది పొడికైతే బాగా సరిపోతుంది. దాన్ని ధైర్యంగా పెద్ద విండోతో చూపించండి.

కరివేపాకు పొడి మాట వేరు. అందులో చింతపండు వేస్తారా? వేస్తే ఆ పులుపు వల్ల, వేయించిన వేడి వల్ల ఆకు పచ్చదనం పోతుంది. పత్రహరితంలో ఉండే మెగ్నీషియం పులుపు తగిలితే విడిపోతుంది, రంగు ముదురు గోధుమ వైపు తిరుగుతుంది. స్టిక్కర్ కింద కూడా నల్లబడింది అందుకే. దీనికి ఏ ఫిల్మూ మందు కాదు. ప్యాకింగ్ మీద డబ్బు పోయకండి. ఆకుని తక్కువ మంట మీద ఆరనివ్వడం, చిన్న చిన్న బ్యాచ్‌లు చేయడం, తేదీ తక్కువ పెట్టడం, ఇంతే దారి. విండో చిన్నదిగా ఉంచండి. దాని రంగు ముదురుగా ఉంటుందని కొనేవాళ్లకి ముందే తెలుసు.

పొడుల ఇల్లు, గుంటూరు

అన్నా, చాలా థాంక్స్. చింతపండు వేస్తాం. ఇన్నాళ్లూ ఆ నలుపు పౌచ్ వల్లే అనుకుని టెన్షన్ పడుతున్నాను. రెండు సందేహాలు. మావి చిన్న ఆర్డర్లు, ప్రింట్ రోల్ చేయించాలంటే చాలా ఎక్కువ తీసుకోమంటున్నారు. రెండోది, క్రాఫ్ట్ పేపర్ పౌచ్‌లు, మధ్యలో విండో ఉన్నవి, చూడ్డానికి ఇంటి సరుకులా ఉంటాయి కదా. అవి మంచివేనా?

లామినేషన్, చర్లపల్లి

ప్రింట్ రోల్ ఇప్పుడే వద్దు. గ్రేవ్యూర్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చెక్కాలి, అందుకే తక్కువ ఇవ్వరు. తర్వాత ఒక అక్షరం మార్చాలన్నా మళ్లీ సిలిండరే. బేగంబజార్‌లో ఒక వైపు వెండి, ఒక వైపు పారదర్శకంగా ఉండే రెడీ జిప్ పౌచ్‌లు చిల్లరగా దొరుకుతాయి. అందరూ పారదర్శక వైపుని ముందు పెడతారు. మీరు వెండి వైపుని ముందు పెట్టి దాని మీద మీ లేబుల్ అతికించండి. వెనక పారదర్శక వైపు సగం దాకా రెండో లేబుల్ వేయండి. పదార్థాలు, బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, శాకాహార గుర్తు లాంటివి ఎలాగూ రాయాలి కదా, వాటికి ఆ చోటు సరిపోతుంది. మిగిలిన సగమే కిటికీ. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ఒక వైపు ఎంత గట్టి ఫిల్మ్ అయినా గాలీ వాసనా రెండో వైపు నుంచి పోతాయి. కారానికి పర్వాలేదు. కంది పొడికి ఆ పౌచ్ వాడకండి.

క్రాఫ్ట్ పౌచ్ అందంగా ఉంటుంది, నిజమే. కానీ కాగితం వెలుతురుని ఆపుతుంది గానీ గాలినీ, తేమనీ, వాసననీ ఆపదు. వాటికి పని చేసేది లోపలున్న ఫిల్మ్ మాత్రమే. విండో దగ్గర కాగితం కత్తిరించేస్తారు కాబట్టి అక్కడ ఆ పల్చటి ఫిల్మ్ ఒక్కటే దిక్కు, అది చాలాసార్లు మామూలు పాలీప్రొపిలీన్ ఉంటుంది. లోపలి పొర ఏమిటో, ఎన్ని మైక్రాన్లో అమ్మేవాళ్లని అడగండి. చెప్పలేకపోతే వదిలేయండి.

అన్నిటికన్నా ముందు సీల్ చూసుకోండి. పొడులకి అసలు గండం అక్కడే. పోసేటప్పుడు దుమ్ము సీల్ వేసే చోట అంటుకుంటే ఎంత ఖరీదైన ఫిల్మ్ అయినా వృథా. పొడుగు కాడ గరాటుతో పోయండి, మూతి లోపలి వైపు పొడి గుడ్డతో తుడిచి అప్పుడు సీల్ వేయండి. జిప్ ఉంది కదా అని సీల్ మానేయొద్దు, జిప్ అనేది విప్పిన తర్వాత వాడుకోవడానికి. ప్రతి బ్యాచ్‌లో కొన్ని ప్యాకెట్లు తీసి బకెట్ నీళ్లలో ముంచి నొక్కండి. బుడగ వస్తే సీల్ లీక్.

డల్లాస్ నుంచి

మా అమ్మ ఊరి నుంచి పొడులు పంపిస్తుంటుంది. ప్యాకెట్లు విమానంలో ఉబ్బి, ఒక్కోసారి సీల్ దగ్గర విడిపోతున్నాయి. సూట్‌కేస్ అంతా కారమే. దీనికేం చేయాలి?

లామినేషన్, చర్లపల్లి

పైకి వెళ్లేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. విమానం దాకా ఎందుకు, విజయవాడలో గాలితో నింపిన ప్యాకెట్ బెంగళూరు చేరేసరికి బిగుసుకుంటుంది, ఆ ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. పొడులకి గాలి అక్కర్లేదు. చిప్స్, జంతికలైతే విరగకుండా నైట్రోజన్ నింపుతారు. పొడిని మెల్లగా తట్టి, గాలి అంతా నొక్కేసి సీల్ వేయమనండి. సీల్ వెడల్పు ఒక సెంటీమీటరు దాకా ఉండాలి.

కిరాణా, బెజవాడ

అమ్మా, మీరు ఆ వెండి పౌచ్‌లు తెచ్చాక కొన్ని నా దగ్గర పెట్టండి. ఎండ పడే ముందు రాక్ ఖాళీ చేసి ఇస్తాను. పాత పౌచ్, కొత్త పౌచ్ పక్కపక్కన పెడదాం.

లామినేషన్, చర్లపల్లి

అలాగే చేయండి, కానీ మూడో ప్యాకెట్ కూడా పెట్టండి. పాత పౌచ్‌నే వంటింటి అల్యూమినియం ఫాయిల్‌తో పూర్తిగా చుట్టి అదే రాక్‌లో ఉంచండి. మూడూ ఒకే రోజు ఆడించిన కారం అయ్యుండాలి. ఫాయిల్ ప్యాకెట్ బాగుండి కొత్త పౌచ్ వెలిస్తే, వెనక నుంచి వెలుతురు వస్తోందని అర్థం, కిటికీ ఇంకా తగ్గించాలి. ఫాయిల్‌లోది కూడా వెలిస్తే గాలి, వేడి సంగతి చూడాలి, అప్పుడు మెట్ పెట్ రెండు వైపులా వేసి, అడుగు గస్సెట్ ఒక్కటే పారదర్శకంగా ఉంచే నమూనా నేను చెబుతాను. కంటితో తేల్చుకోలేకపోతే గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది, ఆస్టా కలర్ వాల్యూ, అంటే మిర్చి ఎరుపు ఎంతుందో చెప్పే అంకె, చూపించండి. ఆడించిన రోజే ఒక శాంపిల్ తీసి ఫ్రిజ్‌లో చీకట్లో దాచండి, లేకపోతే పోల్చుకోవడానికి మొదటి అంకె ఉండదు.