ఐబీఎం నిజంగా మారిందా, ఉన్నవి అమ్ముకుంటూ నెట్టుకొచ్చిందా?

గాజువాక మాస్టారు:
మొన్న మా కాలేజీ సెమినార్లో కాలంతో పాటు మారడం ఐబీఎంని చూసి నేర్చుకోవాలన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. 1981లో పీసీ తెచ్చింది వాళ్లే. ప్రాసెసర్ ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ మైక్రోసాఫ్ట్‌ది. సొంతంగా చేసుకున్నది బయాస్, అంటే ఆన్ చేయగానే మెషీన్‌ని లేపే ప్రోగ్రామ్. దానికీ కాంపాక్ వాళ్లు సమానమైనది రాసుకుని అలాంటి మెషీన్లే దింపారు. చివరికి 2005లో పీసీ వ్యాపారం చైనా కంపెనీ లెనోవో చేతికెళ్లింది. ఇల్లు కట్టినవాడే ఖాళీ చేసి పోవడాన్ని మార్పు అంటారా?

రుషికొండ నైట్‌షిఫ్ట్:
మాస్టారూ, పీసీ ఒక్కటే చూస్తే ఎలా? 1964కి ముందు చిన్న మెషీన్ నుంచి పెద్దదానికి మారితే ప్రోగ్రాములన్నీ తిరగరాసుకోవాల్సి వచ్చేది. సిస్టమ్/360 అనే మెషీన్ల వరసతో చిన్నా పెద్దా అన్నిటికీ ఒకే ఇన్‌స్ట్రక్షన్ సెట్, అంటే ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాల జాబితా, పెట్టారు. ఒకదాని ప్రోగ్రామ్ ఇంకోదాని మీదా నడిచేది. దాదాపు 500 కోట్ల డాలర్లు పోసి, అమ్ముడవుతున్న సొంత మోడళ్లనే పక్కన పెట్టేశారు. అది మార్పు కాదా?
నేను రాత్రుళ్లు చూసేది ఒక విదేశీ బ్యాంకు బ్యాచ్ జాబులు, అంటే లెక్కలన్నీ ఒక్కసారిగా వరసగా నడిపే పనులు. కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రామ్ పైన కామెంట్‌లో 1987 అని ఉంటుంది. అంకెలుండాల్సిన ఫీల్డ్‌లో ఖాళీలు పడితే ఎస్-జీరో-సీ-సెవెన్ అనే ఎర్రర్‌తో అబెండ్ అవుతుంది, అంటే జాబ్ మధ్యలోనే ఆగిపోతుంది, ఇక తెల్లారేదాకా టెన్షనే. ఆ పాత కోడ్ మాత్రం ఆ 360 వంశానిదే అయిన కొత్త మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) మీద హాయిగా నడుస్తోంది.

డాబాగార్డెన్స్ బాబాయ్:
మొండితనం కూడా చెప్పండి. మన ప్రభుత్వం విదేశీ వాటా 40 శాతానికి తగ్గించమంటే ఒప్పుకోక 1978లో మన దేశం వదిలి పోయారు. వాళ్ల మెషీన్ల మరమ్మతు ప్రభుత్వ సంస్థ సీఎంసీ చూసుకుంది. 1992లో టాటాలతో కలిసి మళ్లీ వచ్చారు. అప్పటికి అమెరికాలోనే వాళ్ల పరిస్థితి బాగోలేదు లెండి.

రుషికొండ నైట్‌షిఫ్ట్:
నిజమే బాబాయ్. 1993లో నష్టం 800 కోట్ల డాలర్లు. బిస్కెట్లు, సిగరెట్ల కంపెనీ నుంచి వచ్చిన కొత్త సీఈవో గెర్‌స్ట్‌నర్, అప్పటికే సిద్ధమవుతున్న ముక్కలు చేసే ప్లాన్ ఆపేసి, వేరే సంస్థల కంప్యూటర్ పనులు చేసిపెట్టే సర్వీసుల మీద కంపెనీని నిలబెట్టాడు.

గాజువాక మాస్టారు:
ఆ సర్వీసుల్లో పెద్ద ముక్కనే 2021లో కిండ్రిల్ అనే వేరే కంపెనీగా విడగొట్టేశారుగా! మళ్లీ నా మాటే.

రుషికొండ నైట్‌షిఫ్ట్:
దానికి ముందు 2019లో రెడ్ హ్యాట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని 3,400 కోట్ల డాలర్లకి కొన్నారు మాస్టారూ, క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్లు అద్దెకిచ్చే) వ్యాపారం కోసం. ఇన్ని వదిలించుకున్నా మెయిన్‌ఫ్రేమ్ జోలికి పోలేదు, గమనించారా?