ఎమా దత్షిలో కారం తగ్గించి వడ్డించడం న్యాయమేనా?

బాటసారి:
కిందటి సంవత్సరం కుటుంబంతో భూటాన్ వెళ్ళినప్పుడు, సంప్రదాయ భోజనం దొరుకుతుందని విని థింపూలోని ఒక భోజనశాలకు వెళ్ళాము. నేల మీద కూర్చోబెట్టి ఎర్ర బియ్యపు అన్నం, ఎండబెట్టిన పంది మాంసపు కూర, మిరపకాయలను చీజ్‌తో వండే ఎమా దత్షి వడ్డించారు. అయితే ఆ ఎమా దత్షిలో మిరపకాయలు నామమాత్రమే, మిగిలినదంతా కాప్సికం. అడిగితే, బయటివారు తట్టుకోలేరని తామే అలా వండుతామన్నారు. అక్కడి జొంఖా భాషలో ఎమా అంటే మిరప, దత్షి అంటే చీజ్. అక్కడ మిరప పోపులో వేసే దినుసు కాదు, కూరగాయ. అతిథి కోరకుండానే దాన్ని తీసివేసి, పాత పేరుతోనే వడ్డించడం తగదని నా అభిప్రాయం.

గుంటూరు కోడలు:
బాటసారి గారూ, మీతో ఏకీభవించలేను. గుంటూరు వాళ్ళం, మాకు కారమేమిటని ధీమాగా వెళ్ళి భంగపడినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మనం కారాన్ని పొడిగా కొట్టి, అన్నంలో నెయ్యి వేసి కలుపుకుంటాము. అక్కడ నిలువునా చీల్చిన మిరపకాయలే గిన్నెనిండా ఉంటాయి. మా అత్తగారు రెండో ముద్దకే మంచినీళ్ళు అడిగారు. వచ్చినవారు కడుపునిండా తినాలని వంటవారు అనుకోవడంలో తప్పేముంది?

పాతవంటలు:
ఇద్దరూ సంప్రదాయమంటే మార్పులేనిదని అనుకుంటున్నట్లుంది. మిరప అమెరికా ఖండాల నుండి వచ్చిన పంట; భూటాన్‌కైనా మనకైనా అది కొన్ని శతాబ్దాల నాటి చుట్టమే. పల్లెల్లో వెన్న తీసిన మజ్జిగను కాచి, విరిగిన దాన్ని ముద్దకట్టి దత్షి చేస్తారు; పట్టణాల్లో చాలాచోట్ల కంపెనీ చీజ్‌తో సరిపెడతారు, దాని గురించి ఎవరూ చర్చ పెట్టరు. వాడే మిరప కూడా ఎప్పుడూ ఒకటే కాదు: పురుగుమందుల అవశేషాలున్నాయని 2016లో భారతదేశపు పచ్చిమిరప దిగుమతిని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. ఇంటి కప్పుల మీద ఎండబెట్టిన ఎర్ర మిరప, వేడినీళ్ళలో ముంచి ఎండబెట్టగా తెల్లబడిన మిరప కూడా ఈ కూరలో పడతాయి. ఒక్కొక్కదానితో ఒక్కొక్క రుచి వస్తుంది గనుక అసలైన ఎమా దత్షి ఇదేనని ఒకదాన్ని చూపించడం కష్టం. అయినా కాప్సికం విషయంలో నేను బాటసారి గారి పక్షమే, ఎందుకంటే కారం తినలేనివారి కోసం ఆ వంటలోనే దారి ఉంది: బంగాళాదుంపతో కేవా దత్షి, పుట్టగొడుగులతో షాము దత్షి. వాటిలో మిరప తగ్గించినా కూరకు లోటు రాదు, పేరుకూ భంగం కలగదు.

గుంటూరు కోడలు:
కేవా దత్షి సంగతి ఒప్పుకుంటాను. మా అత్తగారు చివరికి తిన్నది అదే. కానీ ఆ పేర్లు మొదటిసారి వెళ్ళినవారికి ఎలా తెలుస్తాయి?

బాటసారి:
నా ఫిర్యాదు సరిగ్గా అక్కడే ఉన్నది, అమ్మా. చెప్పవలసినది వడ్డించేవారే. మిరపకాయ బజ్జీలు అడిగిన వారికి బండి దగ్గర అరటికాయ బజ్జీలు ఇస్తే, అవి ఎంత రుచిగా ఉన్నా, ముందు ఒక మాట చెప్పి ఇవ్వాలి కదా. కారం తక్కువగా కావాలా అని అడిగి, మిరప పచ్చడి ఎజేను పక్కన విడిగా పెట్టి ఉంటే నాకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. ఆ కాప్సికం కూరను మా అమ్మాయి మాత్రం రెండుసార్లు అడిగి వడ్డించుకున్నదన్న సంగతి కూడా ఇక్కడ దాచకూడదు.