స్టెల్లా పాయింట్ దాకా నడిపించి వెనక్కి దింపేశాడు. గైడ్‌కి ఆ హక్కు ఉందా?

గుత్తి_రాళ్లు (అనంతపురం జిల్లా)
అందరికీ నమస్కారం. పోయిన నెల ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతానికి వెళ్లి వచ్చాను. మచామే రూట్, ఆరు రోజుల ప్యాకేజీ, ఎనిమిది మంది గ్రూప్. చివరి రాత్రి బరాఫు క్యాంపు నుంచి పన్నెండు గంటలకు బయలుదేరి, తెల్లవారేసరికి స్టెల్లా పాయింట్ చేరాము. అది 5,756 మీటర్లు. ఉహూరు శిఖరం 5,895. అంటే ఎత్తులో మిగిలింది 139 మీటర్లు, ఇంచుమించు గంట నడక. తాడు పట్టుకునే పని లేదు, అగ్నిపర్వత బిలం అంచు వెంట నడుచుకుంటూ పోవడమే. అక్కడ గైడ్ నన్ను ఆపేసి, అసిస్టెంట్‌ను తోడిచ్చి కిందికి పంపించాడు. చేతులు పట్టుకుని బతిమాలినా వినలేదు. మిగతా ఏడుగురూ పైకి వెళ్లి బోర్డు దగ్గర ఫొటోలు దిగారు.
డబ్బు కట్టింది నేను, నడిచేది నా కాళ్లతో. నన్ను ఆపే హక్కు ఆయనకుందా? మీ అభిప్రాయం చెప్పండి.

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు)
లేదు. దారి చూపించడానికి పెట్టుకున్న మనిషి దారి చూపించాలి. స్పృహ తప్పి పడిపోతే వేరే సంగతి, కాళ్ల మీద నిలబడి మాట్లాడుతున్న మనిషిని దింపేయడం అన్యాయం. శిఖరం దాకా అని డబ్బు తీసుకున్నారు కదా, కొంతైనా వెనక్కి ఇమ్మని అడుగు తమ్ముడూ.

నల్లమల_నడక (కర్నూలు)
హక్కు సంగతి తర్వాత. ముందు ఇది చెప్పు, ఆరు రోజుల ప్యాకేజీ ఎందుకు తీసుకున్నావు?
ఏడు రోజుల మచామేలో బరాంకో క్యాంపు తర్వాత కరంగ క్యాంపులో ఒక రాత్రి ఆగుతారు. ఆరు రోజుల వాళ్లు కరంగ దాటేసి అదే రోజు బరాఫు చేరతారు. అంటే ఒక్క రోజులో దాదాపు 700 మీటర్లు ఎక్కి, సాయంత్రం కాసేపు నడుం వాల్చి, అదే అర్ధరాత్రి శిఖరానికి లేస్తారు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదని డాక్టర్లు చెప్తారు. బరాంకో నుంచి ఒకేసారి బరాఫుకు పోవడంతో ఆ లెక్క తప్పింది.

గుత్తి_రాళ్లు
అన్నా, నేనడిగింది ప్యాకేజీ గురించి కాదు. ఆరు రోజులకే ఇరవై వేలు తక్కువ, అందుకే తీసుకున్నాను. నా ఫిట్‌నెస్‌కి ఢోకా లేదు. నాలుగు నెలలు రోజూ తెల్లవారుజామున గుత్తి కోట ఎక్కి దిగాను, వీపుకు పది కిలోల బ్యాగు వేసుకుని.

నల్లమల_నడక
గుత్తి కోట ఎక్కితే కాళ్లకు బలం వస్తుంది. ఎత్తు అలవాటు కాదు. అనంతపురం 335 మీటర్ల ఎత్తులో ఉంది, మన ఒంటికి తెలిసిన గాలి ఇదే. 5,800 దగ్గర గాలి పీడనం ఇక్కడి దాంట్లో సగానికి కాస్త అటూఇటూ. బాగా దమ్మున్న కుర్రాళ్లకే ఎత్తు పడక వచ్చే జబ్బు ఎక్కువ రావడం నేను చూశాను, ఎందుకంటే వాళ్లు గబగబా నడుస్తారు. అందుకే అక్కడి గైడ్లు రోజంతా ‘పోలే పోలే’ అంటారు. మెల్లగా, మెల్లగా అని.

ఆదోని_పత్తి
గైడ్ లేకుండా ఆ పార్కులో ఎక్కనే ఎక్కనివ్వరు. అలాంటప్పుడు ఆయన మాటే చెల్లుతుంది.

పెన్నా_ఒడ్డు
ఎక్కనివ్వరు కాబట్టే చెప్తున్నా. తప్పనిసరిగా పెట్టుకోవాల్సిన మనిషి చేతిలో నీ మూడు లక్షలు పెట్టి, ఆయన వద్దంటే అంతే సంగతులా? మన పక్క రాష్ట్రం పిల్ల పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. పదమూడేళ్లకే. ఆ పిల్లను కూడా ఇలాగే ఎవరో 139 మీటర్ల కింద ఆపేసి ఉంటే?

నల్లమల_నడక
ఆ అమ్మాయి భువనగిరి రాళ్ల మీద మొదలుపెట్టి డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ తీసుకుంది. ఎవరెస్ట్ యాత్రకే దాదాపు 50 రోజులు పట్టింది. ఆరు రోజుల మనిషికి ఆమెను పోలిక తేవద్దు.

వార్డు_డ్యూటీ (కడప)
నేను నర్సుగా పని చేస్తాను. తమ్ముడూ, ఆపే ముందు గైడ్ నిన్ను ఏదైనా చేయమన్నాడా?

గుత్తి_రాళ్లు
అవునక్కా. కర్రతో నేల మీద గీత గీశాడు. ఒక పాదం మడమకు ఇంకో పాదం బొటనవేలు ఆనించుకుంటూ దాని మీద నడవమన్నాడు. మూడు అడుగులు వేశాను, పక్కకు తూలాను. మళ్లీ వేయమన్నాడు, మళ్లీ తూలాను. గాలి అంత విసురుగా కొడుతోంది, చలికి పాదాలు మొద్దుబారి ఉన్నాయి. ఎవరైనా తూలుతారు.

వార్డు_డ్యూటీ
మొదటిసారి ఏ పక్కకు తూలావు? రెండోసారి ఏ పక్కకు?

గుత్తి_రాళ్లు
మొదట ఎడమకు. తర్వాత కుడికి అనుకుంటా. ఎందుకక్కా?

వార్డు_డ్యూటీ
గాలికైతే రెండుసార్లూ ఒకే పక్కకు తూలేవాడివి. మిగతా ఏడుగురు కూడా అదే గాలిలో నిలబడి ఉన్నారు కదా. ఎత్తులో మెదడు వాచడం మొదలైతే ముందు పోయేది ఆ బ్యాలెన్సే. తాగిన మనిషిలా అడుగు తడబడుతుంది, చేతి వేళ్లు మాట వినవు. దానికి మొదటి మందు కిందికి దిగడమే. డెక్సామెథసోన్ ఇంజెక్షన్, ఆక్సిజన్ సిలిండర్ అన్నీ దిగేదాకా ప్రాణం నిలబెట్టడానికే. పైన ఇంకో గంట, తిరిగి రావడానికి అర్ధగంట. ఆ గంటన్నరలో నడవగలిగిన మనిషి మోయాల్సిన మనిషి అవుతాడు. ఇంకో మాట, నిజం చెప్పు. తలనొప్పి ఎప్పుడు మొదలైంది?

పెన్నా_ఒడ్డు
అక్కా, ఇది ఆసుపత్రి కాదు. అతను ప్రశ్న అడిగాడు, మీరు కేసు షీటు రాస్తున్నారు.

నల్లమల_నడక
ఆమె అడిగిందానికి జవాబు రానివ్వు.

పెన్నా_ఒడ్డు
నువ్వు మాట్లాడొద్దు. మొదటి పోస్టు నుంచి ఆరు రోజులు, ఏడు రోజులు అని ఆ కుర్రాణ్ణే తప్పు పడుతున్నావు. ఆ ఇరవై వేలు నీకు లెక్కలోకి రాకపోవచ్చు. నీకు ఉద్యోగం ఉంది, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పోతావు. అతనికి ఇంకోసారి ఎక్కడిది?

గుత్తి_రాళ్లు
నిన్నటి నుంచి జవాబు రాయలేక ఊరుకున్నాను.
తలనొప్పి దారిలో లావా టవర్ అనే చోట, మూడో రోజే మొదలైంది. బరాఫులో రెండుసార్లు వాంతి అయింది. టెంటు వెనక్కి వెళ్లి రాళ్లు కప్పి వచ్చాను. ప్రతి సాయంత్రం గైడ్ వచ్చి ఒకటి నుంచి పది వరకు తలనొప్పి ఎంత అని అడిగేవాడు. ఒకటి అని చెప్పాను. వేలికి పెట్టే మీటర్‌లో అంకె తక్కువ వస్తుందేమోనని ముందే గట్టిగా ఊపిరి పీల్చి పెట్టుకునేవాణ్ణి. స్టెల్లా దగ్గర చాక్లెట్ కాగితం విప్పలేకపోయాను, గ్లవ్స్ తీసినా విప్పలేకపోయాను. గైడ్ అది చూసి నా దగ్గరికి వచ్చాడు.
మా ఊర్లో లక్షా అరవై వేలు చందా వేసి పంపించారు. మిగతాది నాన్న అప్పు తెచ్చాడు. బస్టాండులో నా బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు, శిఖరం మీద జెండాతో ఫొటో దిగుతానని అందరికీ చెప్పాను. స్టెల్లా వరకు వెళ్లినందుకు పార్కు వాళ్లు సర్టిఫికెట్ ఇచ్చారు, కానీ ఉహూరు వాళ్లకిచ్చేది వేరు. దాన్ని నేను ఎవరికీ చూపించలేదు. ఎవరైనా అడిగితే ఫోన్ చలికి ఆగిపోయింది, ఫొటోలు రాలేదు అంటున్నాను.

వార్డు_డ్యూటీ
రాళ్లు కప్పి వచ్చానన్న మాట చదివి నాకు కోపం వచ్చింది తమ్ముడూ, దాచడం లేదు. నీకు ఏమైనా అయి ఉంటే ఆ గైడ్ లైసెన్సు పోయేది, ఆయన పిల్లల అన్నం పోయేది. ఆయన మంచి గైడ్. నువ్వు చెప్పకపోయినా పట్టుకున్నాడు.

నల్లమల_నడక
నేనెందుకు ప్యాకేజీ పట్టుకుని వేలాడుతున్నానో చెప్తాను. కొన్నేళ్ల కింద ఉత్తరాఖండ్‌లో ఒక ట్రెక్‌కి మా బావమరిదిని తీసుకెళ్లింది నేనే. డబ్బు కలిసొస్తుందని తక్కువ రోజులది ఎంచుకున్నదీ నేనే. వాడు నీలాగే తలనొప్పి దాచాడు. మా గైడ్ ఏమీ అడగలేదు, గీత గీయలేదు. రాత్రికి రాత్రి నలుగురు వంతులవారీగా వీపున మోసి దింపారు. బతికాడు. కానీ మా అత్తగారు ఇప్పటికీ నాతో నేరుగా మాట్లాడదు. నీ గైడ్ చేసిన పని ఆ రోజు మాకు ఎవరైనా చేసి ఉంటే బాగుండేది.

పెన్నా_ఒడ్డు
సరే, వాంతుల సంగతి తెలిస్తే నేను మొదటి పోస్టు అలా రాసేవాణ్ణి కాదు. ఆ గంటలో గైడ్ చేసింది ఒప్పుకుంటాను.
కానీ నా కోపం ఆయన మీద మొదటి నుంచీ కాదని ఇప్పుడే తెలుస్తోంది. చందా వేసి, ఫ్లెక్సీ కట్టి, పైకి ఎక్కితేనే మనిషి అని పంపించిన మనందరి మీద. నేను కూడా మా ఊరి అబ్బాయి ఇలాంటి యాత్రకు పోతే ఐదు వేలు ఇచ్చి, ఫొటో పంపమని రోజూ మెసేజ్ పెట్టాను. డబ్బున్నవాడు 5,756 దగ్గర వెనక్కి తిరిగితే జాగ్రత్తపరుడు అంటారు. మన పిల్లోడు తిరిగితే చందా తిన్నాడంటారు. ఆ భయంతోనే తలనొప్పి దాచుకున్నాడు.

నల్లమల_నడక
ఆ భయం ఉంటుందనే ఏడు రోజులది తీసుకోవాలి. ఇరవై వేలు ఎక్కువ చందా అడిగి ఉండాల్సింది.

పెన్నా_ఒడ్డు
మళ్లీ మొదలుపెట్టావా. లక్షా అరవై వేలు అడగడానికే ఆ కుర్రాడు ఎన్ని గడపలు తొక్కి ఉంటాడో నీకు తెలియదు.

ఆదోని_పత్తి
గుత్తి తమ్ముడూ, లావా టవర్ దగ్గరి నుంచి జరిగిందంతా మీ నాన్నకు చెప్పావా?

గుత్తి_రాళ్లు
లేదన్నా. ఫ్లెక్సీ ఇంకా బస్టాండులోనే ఉంది. రేపు పొద్దున దాన్ని విప్పించి, ఆ తర్వాత చెప్తాను.