డి వచ్చింది, వెంటనే ప్రొబేషన్ మెయిల్ వచ్చింది. ఈ గ్రేడ్ల లెక్క ఎవరైనా విప్పి చెప్తారా?

గోదారిగట్టు

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ, ఎఫ్-1 వీసా, మొదటి ఫాల్ సెమిస్టర్ అయింది. 15 యూనిట్లు (క్రెడిట్లు) తీసుకుంటే హిస్టరీ (3) మధ్యలో వదిలేశాను, దానికి డబ్ల్యూ (విత్‌డ్రా) పడింది. మిగతావి: కాలిక్యులస్ (5) డి, ఇంగ్లిష్ (3) సి, ప్రోగ్రామింగ్ (4) సి. ఫైనల్ ముందు రోజు దాకా కాన్వాస్‌లో (కాలేజీ ఆన్‌లైన్ మార్కుల సైట్) కాలిక్యులస్ 73 శాతం చూపించింది, తీరా చూస్తే డి. నిన్న అకడమిక్ ప్రొబేషన్ (గ్రేడ్లు తగ్గాయని హెచ్చరిక) అని మెయిల్. డి అంటే ఫెయిల్ కాదు కదా, మరి ఇదేంటి? ఐ-20కి (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) ఏమన్నా అవుతుందా? సప్లీ లాంటిది ఉంటుందా? యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) ట్రాన్స్‌ఫర్ ఆశ వదులుకోవాల్సిందేనా?

మిరపతోట

డి వచ్చినా యూనిట్లు వస్తాయి, ఆ మేరకు ఫెయిల్ కాదు. కానీ ఇంటర్‌లో 35 వస్తే గట్టెక్కినట్టు ఇక్కడ కుదరదు. స్టాండింగ్‌ని సబ్జెక్టువారీగా కాకుండా మొత్తం సగటు మీద చూస్తారు. ఏ అయితే 4, బి 3, సి 2, డి 1, ఎఫ్ 0; దాన్ని ఆ కోర్సు యూనిట్లతో గుణించాలి. మీకు కాలిక్యులస్‌లో 5, ఇంగ్లిష్‌లో 6, ప్రోగ్రామింగ్‌లో 8, వెరసి 19 పాయింట్లు. 12 యూనిట్లతో భాగిస్తే 1.58. కనీసం 12 యూనిట్లు చేశాక క్యుములేటివ్ (అన్ని సెమిస్టర్లూ కలిపిన) జీపీఏ 2.0 కంటే దిగితే ప్రొబేషన్. ఇది మీ కాలేజీ పెట్టిన రూల్ కాదు, రాష్ట్రమంతటికీ ఉన్నదే. కొన్ని కాలేజీలు ఈమధ్య ప్రొబేషన్ అనే మాట తీసేసి 'అకడమిక్ నోటీస్' అంటున్నాయి, లెక్క మాత్రం అదే.

యూనిట్ల బరువు గమనించండి. ఆ ఒక్క కాలిక్యులస్‌లో సి వచ్చుంటే 24/12, సరిగ్గా 2.0. మెయిలే వచ్చేది కాదు.

డబ్ల్యూ జీపీఏలోకి రాదు, కానీ దానికి వేరే ఖాతా ఉంది. చేరిన మొత్తం యూనిట్లలో డబ్ల్యూలు, ఇన్‌కంప్లీట్లు (పూర్తికాక ఆగినవి), నో పాస్‌లు (లెటర్ గ్రేడ్ లేకుండా తీసుకుని తప్పినవి) కలిపి సగానికి చేరితే ప్రోగ్రెస్ ప్రొబేషన్ అని ఇంకోటి తగులుకుంటుంది. మీకు 15లో 3 అంటే 20 శాతం, ప్రస్తుతానికి భయం లేదు.

సప్లీ అనేది లేదు. పరీక్ష ఒక్కటే మళ్ళీ రాసే వీలుండదు, కోర్సు మొత్తం మళ్ళీ ఫీజు కట్టి చదవాలి.

కందిపొడి

73 ఎలా డి అయిందో చూద్దాం. మీ సిలబస్‌లో వెయిటేజీ ఎంతో నాకు తెలియదు, ఉదాహరణకి హోంవర్క్ 20, మిడ్‌టర్మ్‌లు 40, ఫైనల్ 40 అనుకోండి. హోంవర్క్‌లో 95, మిడ్‌టర్మ్‌లలో 62 ఉంటే చేతిలో ఉన్నది 19 + 24.8 = 43.8. ఫైనల్ ఇంకా లేదు కాబట్టి కాన్వాస్ దాన్ని 60తో భాగించి 73 అని చూపిస్తుంది. నిజానికి ఆ రోజు మీ దగ్గర ఉన్నది నూటికి 43.8 మాత్రమే. ఫైనల్‌లో 50 వస్తే 63.8, డి. సి కోసం 70 దాటాలంటే ఫైనల్‌లో కనీసం 65.5 రావాలి. హోంవర్క్ మార్కులు చూసి ధీమాగా ఉన్నవాళ్ళందరూ బోర్లా పడేది ఇక్కడే.

ఇంకో తిరకాసు: ఇవ్వకుండా వదిలేసిన హోంవర్క్‌కి మేష్టారు సున్నా వేసేదాకా కాన్వాస్‌లో అడ్డగీతే ఉంటుంది, లెక్కలోకి రాదు. సెమిస్టర్ చివర్లో సున్నాలు ఎక్కించగానే శాతం ఒక్కసారిగా జారుతుంది. గ్రేడ్ల పేజీలో కుడిపక్కన, గ్రేడ్ వేసినవాటినే లెక్కించాలా అని ఒక టిక్ ఉంటుంది. అది తీసేసి చూస్తే అసలు రంగు బయటపడుతుంది. ఫైనల్ గడిలో మీరే ఒక ఊహా మార్కు కొట్టి చూడొచ్చు కూడా.

ఆవకాయజాడీ

ఐ-20 సంగతి. ప్రొబేషన్ ఒక్కదాని వల్ల సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) ఏమీ జరగదు. ఎఫ్-1కి కావల్సింది ఫాల్‌లో, స్ప్రింగ్‌లో 12 యూనిట్లకు తగ్గకుండా ఉండటం. హిస్టరీ వదిలేశాక కూడా మీకు సరిగ్గా 12 మిగిలాయి కాబట్టి బతికిపోయారు. ఇంకో కోర్సు వదిలి ఉంటే కథ వేరే.

నా దృష్టిలో అసలు ప్రమాదం ప్రొబేషన్ కాదు, దాని వెనకాల వచ్చే హోల్డ్. చాలా కాలేజీల్లో కౌన్సెలర్‌ని కలిసేదాకో, ఒక వర్క్‌షాప్ పూర్తిచేసేదాకో రిజిస్ట్రేషన్ ఆపేస్తారు. ఆ మెయిల్ చూసి దిగులుపడుతూ కూర్చున్న రెండు వారాల్లో కాలిక్యులస్ సెక్షన్లు నిండిపోతాయి. మిగిలినవి ఆన్‌లైన్ సెక్షన్లు. ఎఫ్-1కి టర్మ్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసే, అదీ 3 యూనిట్ల వరకే, ఫుల్ టైమ్ లెక్కలోకి వస్తుంది. 12 యూనిట్ల షెడ్యూల్‌లో 5 యూనిట్ల కాలిక్యులస్ పూర్తిగా ఆన్‌లైన్‌లో తీసుకుంటే లెక్కకి 10 మాత్రమే నిలుస్తాయి. అలా స్టేటస్ పోతుంది, గ్రేడ్ వల్ల కాదు.

స్ప్రింగ్‌లో ఏదైనా భారమైతే డ్రాప్ బటన్ నొక్కక ముందే డీఎస్ఓ (కాలేజీలో వీసా విషయాలు చూసే అధికారి) దగ్గరికి వెళ్ళండి. ఇంగ్లిష్‌తో మొదట్లో వచ్చే ఇబ్బంది, ఇక్కడి బోధన పద్ధతి కొత్త కావడం, మన స్థాయికి మించిన కోర్సులో పడటం, ఇలాంటి చదువు కారణాలతో లోడ్ తగ్గించుకోవడానికి అనుమతి ఇవ్వొచ్చు. కనీసం 6 యూనిట్లు ఉండాలి, ఆ డిగ్రీ స్థాయిలో ఒక్కసారే వాడుకోవచ్చు. డ్రాప్ చేసి తర్వాత అడిగితే ఆయన చేతుల్లో ఏమీ ఉండదు. వెళ్ళడం మానేస్తే వాళ్ళే పేరు తీసేస్తారనీ అనుకోవద్దు, చాలాసార్లు చివర్లో ఎఫ్ పడుతుంది.

గోదారిగట్టు

చాలా థాంక్స్ అండీ. ఇంకో సందేహం. స్ప్రింగ్‌లో కాలిక్యులస్‌ని పాస్/నో పాస్ కింద పెట్టుకుంటే సేఫ్ కదా? దాంతోపాటు ఇంగ్లిష్ కూడా మళ్ళీ చదివి సి ని ఏ చేసుకుందామనుకుంటున్నా.

మిరపతోట

రెండూ వద్దు. పాస్ వస్తే జీపీఏకి ఒక్క పాయింటూ కలవదు, మీకిప్పుడు కావల్సింది పాయింట్లే. పైగా నో పాస్ వస్తే ఇందాక చెప్పిన ప్రోగ్రెస్ ఖాతాలో 5 యూనిట్లు పడతాయి. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్లకి కావల్సిన గణితం లెటర్ గ్రేడ్‌తోనే ఉండాలి.

ఇంగ్లిష్‌లో సి ఉంది కాబట్టి గ్రేడ్ పెంచుకోవడానికి మళ్ళీ తీసుకోనివ్వరు. రిపీట్ అనేది డి, ఎఫ్, నో పాస్ వచ్చినవాటికే. ఒక కోర్సుకి మామూలుగా మొత్తం మూడు ప్రయత్నాలు, డబ్ల్యూ కూడా ఒక ప్రయత్నమే. అంటే హిస్టరీలో మీకు ఒకటి అయిపోయింది. ఆరోగ్యం లాంటి గట్టి కారణానికి కాగితాలుంటే ఈడబ్ల్యూకి (కారణం ఒప్పుకుని ఇచ్చే ప్రత్యేక డబ్ల్యూ) పిటిషన్ పెట్టండి, అది ప్రయత్నాల్లోనూ రాదు, ప్రోగ్రెస్ లెక్కలోనూ రాదు.

ఇప్పుడు స్ప్రింగ్. కాలిక్యులస్ (5) బి, స్పీచ్ (3) బి, తర్వాతి ప్రోగ్రామింగ్ (4) సి అనుకుందాం: 15 + 9 + 8 = 32. పాత డి ని తీసేయకపోయినా 51/24 = 2.125, ప్రొబేషన్ నుంచి బయటపడ్డట్టే. డి పక్కకి పోతే 46/19 = 2.42. అదే కాలేజీలో అదే కోర్సు అయితే పాత గ్రేడు లెక్కలోంచి పోతుంది, ట్రాన్స్‌క్రిప్టులో మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. వేరే కాలేజీలో చదివితే పిటిషన్ పెట్టుకోవాలి. కాలిక్యులస్-2కి సి లేదా పైన ఉండాలి కాబట్టి రిపీట్ ఎలాగూ తప్పదు.

ప్రొబేషన్‌లో ఉండగా క్యుములేటివ్ 1.75 కంటే కిందే వరుస సెమిస్టర్లు కొనసాగితే డిస్మిసల్, అంటే కాలేజీ నుంచి తీసేయడం. ఎన్ని సెమిస్టర్లో మీ కాలేజీ క్యాటలాగ్‌లో చూడండి, అన్నిచోట్లా ఒకటే కాదు.

పుల్లారెడ్డిలడ్డు

జీపీఏ పెంచాలంటే రెండు పీఈ (వ్యాయామం) క్లాసులు, ఓ వాకింగ్ క్లాసు తీసుకుంటే సరి. ఏ గ్రేడు గ్యారంటీ.

కందిపొడి

కాలేజీ జీపీఏ కొంచెం లేస్తుంది, యూసీ మాత్రం అలాంటి పీఈ యాక్టివిటీ కోర్సులకి 4 సెమిస్టర్ యూనిట్లకు మించి ఒప్పుకోదు.

యూసీ ఆశ వదలక్కర్లేదు, కానీ అంకె తెలుసుకోండి. కాలిఫోర్నియా రెసిడెంట్లకి కనీసం 2.4, నాన్ రెసిడెంట్లకి 2.8. ఎఫ్-1 మీద ఉన్నారు కాబట్టి మీకు 2.8. పైన లెక్కలోని 46/19 దగ్గర మొదలుపెట్టి, మిగతా 41 ట్రాన్స్‌ఫరబుల్ యూనిట్లలో సగటున బి తెచ్చుకుంటే 60 యూనిట్లకి 169 పాయింట్లు, 2.82. అంటే ఇక నుంచి అన్నీ బి తెచ్చుకున్నా గీత మీదే ఉంటారు. దరఖాస్తుకి అది కనీస అర్హత మాత్రమే, పేరున్న మేజర్లకి ఎక్కడా సరిపోదు. కాబట్టి కాలిక్యులస్‌లో బి కాదు, ఏ కోసం పట్టుపట్టండి. 5 యూనిట్లు మీకు నష్టం చేసినట్టే లాభమూ చేస్తాయి. నాన్ రెసిడెంట్లకి సీఎస్‌యూలో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) కనీసం 2.4, ఆ దారి కూడా తెరిచి ఉంచుకోండి.

గోదారిగట్టు

పోర్టల్‌లో ఇప్పుడే చూశాను, హోల్డ్ ఉంది. కౌన్సెలింగ్ అపాయింట్‌మెంట్ 11 రోజుల తర్వాత గానీ దొరకడం లేదు.

ఆవకాయజాడీ

అపాయింట్‌మెంట్ ఉంచండి, అయినా రేపు పొద్దున తెరిచేసరికి డ్రాప్-ఇన్ (అపాయింట్‌మెంట్ లేకుండా కలిసే) లైన్‌లో నిలబడండి. దొరక్కపోతే ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్ళండి, చాలాచోట్ల వాళ్ళకి విడిగా కౌన్సెలర్ ఉంటారు, హోల్డ్ అక్కడే తీసేయొచ్చు. అన్‌అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్, క్లాస్‌రూమ్‌లో జరిగే కాలిక్యులస్ సెక్షన్ల నంబర్లు రెండు మూడు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. హోల్డ్ తీయగానే అక్కడే నిలబడి ఫోన్‌లో రిజిస్టర్ చేసుకోండి. సెక్షన్ నిండితే వెయిట్‌లిస్ట్‌లో చేరి మొదటి రోజు క్లాసుకి వెళ్ళి యాడ్ కోడ్ (నిండిన క్లాసులో చేరడానికి మేష్టారు ఇచ్చేది) అడగండి. కానీ వెయిట్‌లిస్ట్ యూనిట్లు 12లోకి రావు, అవి కాకుండా 12 ఉండేట్టు చూసుకోండి.