మా ఊళ్ళో అందరిదీ ఒకే కంపెనీ ట్రాక్టరు: బండి గొప్పదా, మెకానిక్ దగ్గరా?

మధిర మిర్చి రైతు:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా మధిర దగ్గర పల్లె. సొంతం తొమ్మిదెకరాలు, కౌలు ఐదు. సాగర్ ఎడమ కాల్వ కింద నాలుగెకరాలు వరి, మిగతాదంతా రేగడిలో మిర్చి, పత్తి. ఇన్నాళ్ళూ కిరాయి ట్రాక్టర్ల మీదే సేద్యం నడిచింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు దిగాక ఇంట్లో కూడా సరే అన్నారు. 45 నుంచి 50 హెచ్‌పీ లోపు తీసుకుందామని ఉంది.

నాకు అర్థం కానిది ఒకటే. పొద్దున్నే మా బజారులో నిలబడితే పోయే ట్రాక్టర్లన్నీ దాదాపు మహీంద్రాలే. నాలుగు కిలోమీటర్లు దాటి పక్క ఊరికి పోతే ఎక్కడ చూసినా స్వరాజ్‌లే. నేల అదే, కాల్వ అదే, వేసే పంటలూ అవే. మరి బండి ఎందుకు మారింది? ఎవర్ని అడిగినా "మా బండి బంగారం" అంటారు, ఎందుకు బంగారమో చెప్పరు.

నేను అనుకునేది చెబుతాను. బండి గొప్పతనం కాదు, బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నదే అసలు సంగతి. మా ఊరి మెకానిక్‌కు మహీంద్రా కొట్టిన పిండి, ఆ ఊరి మెకానిక్‌కు స్వరాజ్. నా మాట తప్పయితే తప్పని చెప్పండి, కానీ కారణంతో చెప్పండి. లక్షల మాట, పదేళ్ళ మాట ఇది.

కోనసీమ దమ్ము:
మీ మాట మెట్టకు సరిపోతుందేమో గానీ మా వైపు కుదరదండి. మాది అమలాపురం దగ్గర. దమ్ములో, అంటే నాట్లకు ముందు మడిని బురద చేసే పనిలో, దిగిన బండికి మెకానిక్ పక్కింట్లో ఉన్నా లాభం లేదు, ముందు బండి ఆ బురదకు తగినది అయ్యుండాలి. మొదట బరువు చూడాలి. రెండు టన్నుల బండిని మెత్తటి చేలో దించితే కింద ఉన్న గట్టి పొర తెగిపోతుంది, మరుసటి ఏడు అదే చోట బండి కూరుకుపోతుంది. మా ఊళ్ళో కుబోటా ఎల్ 4508 ఎందుకు పెరిగిందంటే దాని బరువు 1,400 కిలోల లోపే, పైగా నాలుగు చక్రాలూ లాగుతాయి. చిన్న చిన్న మడుల్లో చటుక్కున తిరుగుతుంది.

తర్వాత చూడాల్సింది ముందు యాక్సిల్. బురదలో రోజూ మునిగే భాగం అది. సీజను మధ్యలో ఒకసారి హబ్బు కింద ఉండే నట్టు విప్పి చూడండి. ఆయిలు తేనె రంగులో కారితే నిశ్చింతగా ఉండొచ్చు. పాలు కలిపిన టీ రంగులో వచ్చిందంటే సీలు పోయి నీళ్ళు దిగినట్టే, బేరింగులు ఆ వారమే పోతాయి. ఇంకా పొడి బ్రేకులున్న పాత బండ్లు దమ్ములో రెండు సీజన్లకే ప్లేట్లు అరగ్గొట్టుకుంటాయి. ఆయిల్లో మునిగి ఉండే బ్రేకులు వచ్చాకే మా వాళ్ళు బ్రాండ్లు మార్చారు. అంటే ఇక్కడ బండే గెలిచింది, మెకానిక్ కాదు.

నంద్యాల నల్లరేగడి:
పై సోదరుడు చెప్పిందానికి మాది పూర్తిగా ఎదురు. మాకు బరువే కావాలి. ఎండాకాలం లోతు దుక్కికి రేగడిలో పెద్ద నాగలి దించితే తేలిక బండికి చక్రాలు గిర్రున తిరుగుతాయి తప్ప ముందుకు కదలదు. స్వరాజ్ 855 చూడండి, మూడే సిలిండర్లు, 3,300 సీసీ పైన, 2,000 ఆర్‌పీఎం. కుబోటా ఎంయూ 4501 నాలుగు సిలిండర్లు, 2,434 సీసీ, 2,500 ఆర్‌పీఎం. రెండూ పక్కపక్క తరగతి బండ్లే, స్వభావాలు వేరు. ఒకటి ఎద్దులా మెల్లగా ఆపకుండా లాగుతుంది, రెండోది చురుగ్గా పరుగెత్తుతుంది. పత్తి బోరాల ట్రాలీతో గట్టు ఎక్కించేటప్పుడు నాకు ఎద్దే కావాలి.

మా నాన్న మాత్రం చివరిదాకా మాసీ ఫెర్గూసన్ 1035 వదల్లేదు. కారణం హైడ్రాలిక్. నేల గట్టిపడ్డచోట పనిముట్టు దానంతటదే కాస్త పైకి లేస్తుంది, మెత్తబడగానే మళ్ళీ దిగుతుంది. ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ చేసిన గొప్ప పని అది. పనిముట్టును తగిలించే ఆయన మూడు చేతుల లింకేజీనే ఇవాళ అన్ని కంపెనీలూ వాడుతున్నాయి. అయినా ఆ లివరు మీద చెయ్యి అలవాటుపడిన మా నాన్నకు ఇంకే బండి దున్నినా సాలు సమంగా రాలేదనిపించేది. ఆయన దున్నిన చేలో సాలు ఒక చివర నుంచి చూస్తే తాడు లాగినట్టు ఉండేది.

ఇంకో మాట, అమ్మేటప్పుడు వచ్చే రేటు. మా వైపు ఎనిమిదేళ్ళు వాడిన మహీంద్రా 575 డీఐ సంతకు తోలితే సాయంత్రానికి బేరం కుదురుతుంది. పేరు తెలియని బండిని మూడు సంతలు తిప్పాలి. ఫైనాన్స్ వాళ్ళు కూడా దాన్ని బట్టే అప్పు ఇస్తారు.

హుజూరాబాద్ డ్రైవరు:
అన్నలందరికీ దండం. ఇంతసేపూ మాట్లాడినోళ్ళంతా ఆసాములే, నడిపేటోళ్ళ మాట ఎవరూ అనలేదు. నేను పందొమ్మిదేళ్ళ నుంచి కిరాయి బండ్లు నడుపుతున్నా. యాసంగిలో కరిగెట, అదే మీరనే దమ్ము, మొదలైతే పొద్దున నాలుగింటికి ఎక్కితే రాత్రి తొమ్మిదింటికి దిగుతా. క్లచ్ గట్టిగా ఉంటే పదిరోజులకు ఎడమ మోకాలు వాస్తది. గేరు రాడ్ కాళ్ళ మధ్యల ఉన్న బండికి, పక్కకు ఉన్న బండికి ఎంత తేడా ఉంటదో కొనేటోళ్ళకు తెల్వదు. పవర్ స్టీరింగు లేకుండా మడి మూలల తిప్పితే భుజాలు ఊడొస్తయి.

మా దిక్కు జాన్ డీర్ ఎక్కువ. ఎందుకంటే డ్రైవర్లు అదే అడుగుతున్నరు. సీజన్ల డ్రైవరు దొరకడమే కష్టం. మంచి డ్రైవరు "ఆ బండి అయితేనే వస్తా" అంటే ఆసామి ఏం చేస్తడు? అదే కొంటడు. మెకానిక్ ఏడాదిల రెండుసార్లు ముట్టుకుంటడు, నేను రోజూ ముట్టుకుంట.

పాత మెకానిక్:
నేను కోదాడలో 27 ఏళ్ళుగా ట్రాక్టర్ పని చేస్తున్నాను. మధిర తమ్ముడు చెప్పింది సగం నిజం. దూరం చూడాల్సింది మెకానిక్‌ది కాదు, సామానుది. పని తెలిసినవాడిని బండి మీద కూర్చోబెట్టి తీసుకొస్తారు, కానీ దొరకని క్లచ్ ప్లేటును ఎవరు తేగలరు? ఒక బండి కొనేముందు కంపెనీ షోరూముకు కాదు, మీ టౌన్లో మామూలు స్పేర్‌పార్ట్స్ కొట్టుకు వెళ్ళండి. ఆ మోడలు క్లచ్ ప్లేటు, నీళ్ళ పంపు, యాక్సిల్ సీళ్ళు ఇప్పుడు ఉన్నాయా అని అడగండి. "రేపు తెప్పిస్తా" అంటే నాట్లప్పుడు ఆ రేపు వారం అవుతుంది.

కానీ బ్రాండు మీద ప్రేమ అంటే సామాను ఒక్కటే కాదని నాకు ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఎంటీ బండి నేర్పింది. చెకొస్లొవేకియా కంపెనీ జెటార్ సాయంతో 1971లో హర్యానాలోని పింజోర్‌లో మొదలైన ఆ ట్రాక్టర్ల ఫ్యాక్టరీని 2016లో కేంద్రం మూసేయాలని నిర్ణయించింది. అయినా నా దగ్గరికి ఇప్పటికీ హెచ్‌ఎంటీలు వస్తాయి. ఒక పెద్దాయన బుష్‌లు దొరక్కపోతే లేత్ మీద తిప్పించుకుని మరీ తెస్తాడు. "దీంతోనే నా ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాను, అమ్మమంటావా?" అంటాడు. ఆయనకు నేనేం చెప్పగలను?

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతున్నారు. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త బండ్లకు పొగ నిబంధనలు మారాయి. వాటికి కంప్యూటరుతో నడిచే డీజిల్ పద్ధతి వచ్చింది. లోపం చూడాలంటే స్పానర్ చాలదు, స్కానర్ కావాలి. పల్లెల్లో 49 హెచ్‌పీ దగ్గరే ఎందుకు ఆగుతున్నారో దీన్ని బట్టి తెలుసుకోండి.

మధిర మిర్చి రైతు:
కోదాడ మెకానిక్ పెద్దాయన మాటకు నా అనుభవమే సాక్ష్యం. పోయిన వానాకాలం మా వరి మడికి వచ్చిన కిరాయి బండి దమ్ము సగంలో ఉండగా ఆగిపోయింది. కంపెనీ పేరు చెప్పను. గేరుబాక్సులో ఒక చిన్న షాఫ్టు పోయింది. ఖమ్మంలో లేదు, హైదరాబాద్ నుంచి రావాలన్నారు. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ బండి మా మడి మధ్యలోనే ఉంది, గట్టు మీద నుంచి చూస్తుంటే కడుపు తరుక్కుపోయేది. వేరే బండి దొరికేసరికి నారు ముదిరి కణుపులు పట్టింది. నాటినా పిలకలు రాలేదు. ఆ టెన్షన్ పడ్డాక ఇంజిన్ సీసీలు, ఆయిలు బ్రేకులు నా చెవికెక్కడం లేదు, ఏమనుకోవద్దు.

కోనసీమ దమ్ము:
మీ బాధ అర్థమైంది. కానీ ఒక్క ప్రశ్న. ఆ షాఫ్టు ఎందుకు పోయింది? మెట్ట పనికి కొన్న బండిని బురదలో నడిపితే గేరుబాక్సు మీద భారం పడకుండా ఉంటుందా? తగిన బండి అయితే ఆ పదకొండు రోజులు వచ్చేవే కాదు. నా మట్టుకు నేను సీళ్ళు, ఫిల్టర్లు ఇంట్లో ట్రంకు పెట్టెలో పెట్టుకుంటాను. మీరు కూడా అలా చేయొచ్చు కదా.

గార్లదిన్నె దారి:
నేను వ్యవసాయ ఇంజినీరింగు చదివినవాడిని, అనంతపురం జిల్లా. మీరంతా అనుభవం చెబుతున్నారు, ఎవరూ టెస్ట్ రిపోర్టు మాట ఎత్తలేదు. ట్రాక్టర్లను మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ పరీక్షిస్తుంది. వ్యవసాయ యంత్రాల పరీక్షకు దక్షిణాదిలో మా గార్లదిన్నెలోనూ ఒక సంస్థ ఉంది. బానెట్ మీద రాసిన హెచ్‌పీ ఇంజిన్‌ది. మట్టిని చీల్చే రోటవేటర్ తిప్పేది వెనక పీటీవో దగ్గర, అంటే పనిముట్లను తిప్పే షాఫ్టు దగ్గర, మిగిలిన హెచ్‌పీ. అది ఎంత, ఎంత బరువు ఎత్తుతుంది, ఎంత డీజిల్ తాగుతుంది అన్నీ రిపోర్టులో ఉంటాయి. డీలరును అడిగి తీసుకోండి. ఊళ్ళో "తక్కువ తాగుతుంది" అని పేరున్న బండే రిపోర్టులోనూ తక్కువ తాగుతుందని అనుకోవద్దు.

బ్రాండ్ల కోసం కొట్టుకునేవాళ్ళు ఇంకోటి కూడా చూడాలి. స్వరాజ్ 2007 నుంచి మహీంద్రా చేతిలోనే ఉంది. ఐషర్ ట్రాక్టర్లు 2005లో, మాసీలు తయారుచేసే చెన్నై టాఫే చేతికి వచ్చాయి. మధిర వాళ్ళు రెండు ఊళ్ళ తేడా అంటున్నారు, రెండు ఊళ్ళ డబ్బూ ఒకే ఇంటికి పోతోంది.

పాత మెకానిక్:
ఇల్లు ఒకటే కావచ్చు బాబూ, బండ్లు ఒకటి కావు. స్వరాజ్ పుట్టుకే వేరు. దుర్గాపూర్‌లోని మన ప్రభుత్వ పరిశోధన సంస్థ గీసిన నమూనా మీద పంజాబ్‌లో తయారై 1974లో బయటికొచ్చింది. మహీంద్రా ఆ కంపెనీని కొని పదిహేడేళ్ళు దాటినా ఆ ఇంజిన్ విప్పితే లోపల మహీంద్రా కనపడదు. నా చేతులకు తెలుసు.

మధిర మిర్చి రైతు:
ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఈ మాటలన్నీ చదివాక ఊరుకోలేక ఆదివారం ఆ పక్క ఊరికే వెళ్ళాను. అక్కడి మెకానిక్‌ను అడిగాను, "నువ్వు స్వరాజ్ పని నేర్చుకున్నావు కాబట్టి ఊరంతా స్వరాజ్ కొన్నారా?" అని. ఆయన నాకేసి వింతగా చూశాడు. "నేను పనికి కుదిరేనాటికే ఊళ్ళో అవి ఆరున్నాయి, ఉన్నవే కదా నేర్చుకుంటాను" అన్నాడు. అంటే నేను తలకిందులుగా అనుకున్నాను. మెకానిక్ తర్వాత వచ్చాడు, బండి ముందు వచ్చింది.

మరి ఆ ఆరు ఎలా వచ్చాయి? రామాలయం అరుగు మీద కూర్చున్న ఒక తాతయ్య చెప్పాడు. ఊళ్ళో మొదటి ట్రాక్టరు ఆయన అన్నగారిది, స్వరాజ్ 735. ఎందుకు కొన్నాడంటే ఆ నెల ఖమ్మంలో వెంటనే ఇస్తామన్న బండి అదొక్కటే. దాని మీద డ్రైవర్లుగా పనిచేసిన కుర్రాళ్ళు నలుగురు. ఆ క్లచ్, ఆ గేర్లు, ఆ లివర్లు వాళ్ళ కాళ్ళకూ చేతులకూ అలవాటయ్యాయి. కొన్నేళ్ళకు వాళ్ళే అప్పులు తెచ్చుకుని సొంత బండ్లు కొన్నారు. చేతికి తెలిసిన బండే కొన్నారు. ఆ తర్వాత మెకానిక్, ఆ తర్వాత సామాన్ల కొట్టు. హుజూరాబాద్ అన్న చెప్పిందే ముందు నుంచీ నిజమని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

శుక్రవారం మా చేలోకి డెమోకు రెండు బండ్లు వస్తున్నాయి. రేగడిలో ఒక గంట, వరి మడిలో ఒక గంట. నడిపేది డీలరు మనిషి కాదు, రేపు మా బండి నడపబోయే మా తోడల్లుడి కొడుకు.

హుజూరాబాద్ డ్రైవరు:
మంచి పని చేస్తున్నవ్ అన్నా. పిల్లగానికి ఒక మాట చెప్పు. మొదటి గంటల ఏ బండి అయినా మంచిగనే ఉంటది. వరి మడిల దిగినంక మూల తిప్పేటప్పుడు ఒక చేత్తోనే స్టీరింగు తిప్పమను, ఇంకో చెయ్యి హైడ్రాలిక్ లివరు మీద ఉండాలె. వెనక్కి తిరిగి రోటవేటర్ దిక్కు చూస్తూ ఆ రెండూ అందుతున్నయో లేదో చూడమను. డీలరుకు తొందర ఉంటే ఉండనియ్, బండి దిగవద్దను.